పుల్ల నుంచి బొగ్గు, బొగ్గు నుంచి బొమ్మ

(మారిషస్‌లోని తెలుగు తరగతి విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను కథ చెప్పడం లేదు. పద్యం అప్పగించమని అడగడం లేదు. ఒక పని చెప్పబోతున్నాను. ఆ పని పూర్తి అయ్యేసరికి మీ చేతిలో ఒక వస్తువు ఉంటుంది. అది దుకాణంలో కూడా దొరుకుతుంది. కాని కొనవలసిన అవసరం లేదు. పెరట్లో రాలిన నాలుగు ఎండుపుల్లలు, ఒక పాత ఇనుప డబ్బా, కొంచెం నిప్పు, చాలా ఓపిక ఉంటే మనమే తయారు చేసుకోవచ్చు. అదే బొమ్మలు గీసే బొగ్గు.

క్రియోల్‌లో దీన్ని మనం సర్బోన్ అంటాం. తెలుగులో బొగ్గు. పని మొదలు పెట్టే ముందు ఇంకా కొన్ని తెలుగు మాటలు నేర్చుకోవాలి. ఎందుకంటే ఆ మాటలు సరిగా తెలిస్తే సగం పని తెలిసినట్టే.

మన వాడుకలో 'దిఫే' అన్న ఒక్క మాటతో చాలా పని జరిగిపోతుంది. తెలుగులో అలా కాదు. పైకి లేచి వెలుగుతూ ఆడేది మంట. ఎర్రగా కణకణలాడుతూ ఉండేది నిప్పు. మంటకు దూరంగా ఉన్నా మన ఒంటికి తగిలే వేడి సెగ. పైకి పోయేది పొగ. ఆ పొగ గోడకు, గిన్నె అడుగుకు నల్లగా పట్టుకుంటే మసి. కట్టె పూర్తిగా కాలకుండా నల్లగా మిగిలితే బొగ్గు. పూర్తిగా కాలిపోయి పొడిగా తెల్లగా మిగిలితే బూడిద.

మంట, నిప్పు, సెగ, పొగ, మసి, బొగ్గు, బూడిద. ఈ ఏడు మాటలనూ ఒకసారి నాతోపాటు అనండి. బాగుంది. ఇప్పుడు ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి. బొగ్గుకు కావలసింది సెగ, మంట కాదు. ఈ రోజు పాఠమంతా ఈ వాక్యంలోనే ఉన్నది.

కట్టెలో ఏం జరుగుతుంది?

మీ ఇంట్లో దీపం వెలిగించేటప్పుడు అగ్గిపుల్లను గమనించండి. మంట పుల్లమీద ముందుకు నడుస్తుంది. అది దాటి వచ్చిన చోట పుల్ల నల్లగా, సన్నగా, వంకరగా మిగులుతుంది. ఆ నల్లనిదే బొగ్గు. మంట దాన్ని ఎందుకు వదిలేసింది?

నిజానికి మంటలో మండేది కట్టె కాదు. కట్టె వేడెక్కినప్పుడు దానిలోనుంచి వాయువులు బయటకు వస్తాయి. మండేవి ఆ వాయువులు. అవన్నీ పోయిన తరువాత కట్టెలో కర్బనం మిగులుతుంది. ఆ కర్బనమే బొగ్గు. ఆ బొగ్గుకు కూడా వేడిగా ఉండగా గాలి బాగా తగిలితే, గాలిలోని ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్, దానితో కలుస్తుంది. అప్పుడు బొగ్గు నిప్పై, చివరకు బూడిద అవుతుంది.

కాబట్టి మనం చేయవలసిన పని ఇది. కట్టెకు సెగ తగలాలి, గాలి తగలకూడదు. డబ్బాలో పుల్లలు పెట్టి మూత వేసి, ఆ డబ్బాను మంటలో పెడితే ఈ రెండూ జరుగుతాయి. మంట డబ్బా బయటే ఉంటుంది. సెగ మాత్రం లోపలికి పోతుంది.

మొదట 100 డిగ్రీల దగ్గర పుల్లలోని నీరు ఆవిరి అవుతుంది. 250, 300 డిగ్రీల మధ్య కట్టె విడిపోయి వాయువులను, తారువంటి జిగురును వదలడం మొదలు పెడుతుంది. 400 డిగ్రీలు దాటేసరికి చాలా భాగం కర్బనమే మిగులుతుంది. ఎండు కట్టె బరువులో మనకు దక్కే బొగ్గు దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే. మిగతాదంతా ఆవిరిగా, పొగగా పోయినట్టే. అందుకే పుల్లలు కాలిన తరువాత తేలికగా ఉంటాయి. కొంచెం పొట్టిగా, సన్నగా కూడా అవుతాయి.

మనకంటే ముందు ఎవరు చేశారు?

ఇది కొత్త విద్య కాదు. ఫ్రాన్సు దేశంలో 1994లో షోవే అనే గుహను కనుగొన్నారు. దాని గోడలమీద గుర్రాలు, సింహాలు, ఖడ్గమృగాలు గీసి ఉన్నాయి. వాటిలో చాలా బొమ్మలు బొగ్గుతో గీసినవే. వాటి వయస్సు ముప్పై వేల ఏళ్ళకు పైమాటే. అక్షరాలు పుట్టక ముందే మనిషి బొగ్గుతో గీశాడన్నమాట. కట్టె కుళ్ళుతుంది, చెదలు తింటాయి. బొగ్గుకు ఆ బాధ లేదు. అందుకే అంత కాలం నిలిచింది.

ఇటలీ దేశంలో 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు బొగ్గు తయారు చేసే పద్ధతిని ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. విల్లో అనే చెట్టు పుల్లలను సన్నగా చెక్కి, తీగతో కట్టలు కట్టి, కొత్త కుండలో పెట్టమన్నాడు. మూత వేసి, సందులు లేకుండా మట్టితో మూయమన్నాడు. సాయంకాలం రొట్టెలు కాల్చేవాడు పని ముగించిన తరువాత ఆ కుండను అతని పొయ్యిలో పెట్టి, తెల్లవారిన తరువాత చూడమన్నాడు. గమనించారా? అక్కడ కూడా మంట లేదు. రొట్టెలు కాలిన తరువాత పొయ్యిలో మిగిలిన సెగ మాత్రమే ఉన్నది.

ఇక మన తెలుగువారి సంగతి చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో స్వర్ణముఖి నది ఒడ్డున శ్రీకాళహస్తి అనే ఊరు ఉన్నది. అక్కడ శివాలయం ఎంత ప్రసిద్ధమో, కలంకారీ అనే చిత్రకళ కూడా అంత ప్రసిద్ధం. కలంకారీ అంటే కలంతో చేసే పని. అక్కడి కళాకారులు నూలు గుడ్డమీద రామాయణ, భారత, భాగవత కథలను చేతితో గీసి రంగులు వేస్తారు. ఆ కళాకారులలో ఒకరైన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

వారు పని ఎలా చేస్తారో వినండి. ముందుగా గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వువల్ల తరువాత వేసే సిరా గుడ్డమీద చెదిరిపోదు. తరువాత బొమ్మను గీస్తారు. దేనితో? పెన్సిలుతో కాదు. కాల్చిన చింతపుల్లతో. చింతపుల్ల బొగ్గుతో రాముడి ముఖం, సీత కొంగు, రథం చక్రం తేలికగా గీసుకుంటారు. గీత నచ్చకపోతే దులిపి మళ్ళీ గీస్తారు.

బొమ్మ సరిగా కుదిరిన తరువాతనే కలం తీసుకుంటారు. అది వెదురు కలం. దాని మొనకు కొంచెం పైన నూలు లేక ఉన్ని చుట్టి ఉంటుంది. అది సిరాను పట్టి ఉంచుతుంది. చేతితో మెల్లగా నొక్కితే సిరా మొనకు దిగుతుంది. ఆ సిరా కూడా ఇంట్లో చేసినదే. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారాలు ఊరబెడితే అది తయారవుతుంది. దాన్ని కసిమి అంటారు. కరక్కాయలోని వగరు గుణం, కసిమిలోని ఇనుము కలిసినప్పుడు గుడ్డమీద నల్లని గీత పుడుతుంది. అది చెరగదు.

తరువాత గుడ్డను మళ్ళీ మళ్ళీ నీటిలో ఉతుకుతారు. ఆ ఉతుకులో బొగ్గు గీతలు పోతాయి. కసిమి గీతలు నిలుస్తాయి. చివరకు మనం గోడమీద చూసే బొమ్మలో బొగ్గు కనబడదు. కాని ఆ బొగ్గు గీత లేకపోతే ఆ బొమ్మే లేదు.

ఏ పుల్లలు మంచివి?

చింతచెట్టు మన దీవిలోనూ ఉన్నది. పడమటి తీరంలోని టామరిన్ అనే ఊరు మీకు తెలుసు కదా. ఫ్రెంచిలో ఆ మాటకు చింత అనే అర్థం. కాబట్టి శ్రీకాళహస్తివారు వాడే పుల్ల మనకూ అందుబాటులో ఉన్నది. చింతపుల్ల దొరకకపోతే జామ, మల్బరీ, మందార పుల్లలతో ప్రయత్నించండి. మనం పండ్లు కోసుకొనే గొయావ్ ద షిన్ పుల్లలు కూడా సన్నగా, తిన్నగా ఉంటాయి. ఆ చెట్టు బయటి దేశంనుంచి వచ్చి మన అడవులలో విపరీతంగా పెరిగి, ఇక్కడి సొంత చెట్లకు చోటు లేకుండా చేస్తున్నది. మీ పెరట్లో ఉంటే దాని కొమ్మలు కత్తిరించినందువల్ల నష్టం లేదు. కాని నేషనల్ పార్కులోకి వెళ్ళి ఏ చెట్టు కొమ్మనూ విరవకండి.

గట్టి కట్టె బొగ్గు గట్టిగా ఉంటుంది, గీత లేతగా పడుతుంది. మెత్తని కట్టె బొగ్గు మెత్తగా ఉంటుంది, గీత నల్లగా పడుతుంది. సముద్రపు ఒడ్డున పెరిగే ఫిలావ్ చెట్టు మీ అందరికీ తెలుసు. తెలుగులో దాన్ని సరుగుడు అంటారు. కోస్తా ఆంధ్రలో కూడా సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు ఉన్నాయి. ఆ కట్టె చాలా గట్టిది. దాని బొగ్గు వంటకు బాగుంటుంది, బొమ్మకు అంత మెత్తగా ఉండదు. రెండు మూడు రకాల పుల్లలను ఒకే డబ్బాలో పెట్టి కాల్చి, ఏది ఎలా గీస్తుందో మీరే పోల్చి చూడండి.

పుల్లను విరిచి చూసినప్పుడు మధ్యలో దూదివంటి మెత్తని భాగం ఎక్కువగా ఉంటే అది వద్దు. కాలిన తరువాత మధ్యలో రంధ్రం పడి పుటుక్కున విరిగిపోతుంది.

ఒక చెట్టును మాత్రం ముట్టుకోకండి. అది గన్నేరు. లొరియే రోజ్ అని మన తోటలలో పెంచుతారు. గులాబి రంగు పూలు పూస్తుంది. దానిలో ప్రతి భాగమూ విషమే. దాన్ని కాల్చిన పొగ కూడా హాని చేస్తుంది. అలాగే రంగు వేసిన చెక్క, మందు పట్టించిన చెక్క, ప్లైవుడ్డు ముక్కలు కూడా వద్దు. ఏ చెట్టు పుల్లో తెలియకపోతే దాన్ని కాల్చవద్దు.

పని మొదలు పెడదాం

ఇక్కడ ఒక కట్టుబాటు ఉన్నది. పుల్లలు ఏరడం, బెరడు తీయడం, డబ్బా నింపడం మీ పని. నిప్పు దగ్గరి పని పెద్దవాళ్ళది. అమ్మగారో, నాన్నగారో, తాతగారో దగ్గర లేకుండా అగ్గిపెట్టె ముట్టకూడదు. ఈ కట్టుబాటుకు ఒప్పుకోనివారు ఈ పని చేయకూడదు.

మొదటి పని: మీ చిటికెనవేలికంటే లావు లేని పుల్లలు ఏరుకోండి. అన్నీ దాదాపు ఒకే లావు ఉండాలి. ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉంటే సన్నది ముందు కాలుతుంది, లావుది లోపల పచ్చిగా ఉండిపోతుంది. గణుపులు లేని తిన్నని భాగం తీసుకోండి.

రెండో పని: బెరడు ఒలవండి. పుల్ల పచ్చిగా ఉన్నప్పుడు బెరడు సులభంగా వస్తుంది. బెరడుతో కాలిస్తే అది పెచ్చులు పెచ్చులుగా ఊడి కాగితం పాడు చేస్తుంది. ఒలిచిన పుల్లలను నీడలో, గాలి తగిలే చోట రెండు మూడు వారాలు ఆరనివ్వండి. తొందరపడి పచ్చిపుల్లలు పెడితే పగుళ్ళు వస్తాయి, వంకరలు తిరుగుతాయి.

మూడో పని: డబ్బా. ఇనుప రేకు మూత ఉన్న పాత బిస్కట్టు డబ్బాగాని, కోకో డబ్బాగాని మంచిది. ప్లాస్టిక్ మూత పనికిరాదు. అల్యూమినియం డబ్బా ఎక్కువ వేడికి కరుగుతుంది. జింకు పూత ఉన్న డబ్బా వేడెక్కితే చెడు పొగ వస్తుంది. ఆ రెండూ వద్దు. డబ్బామీద రంగు ఉంటే పెద్దవాళ్ళు దాన్ని ఖాళీగా ఒకసారి బయట మంటలో కాల్చి చల్లార్చాలి. అప్పుడు రంగు పోతుంది. మూత మధ్యలో మేకుతో ఒక చిన్న రంధ్రం పెట్టించండి. ఈ రంధ్రం తప్పక ఉండాలి. పుల్లలనుంచి వచ్చే వాయువులకు బయటికి దారి కావాలి. దారి లేకపోతే డబ్బా ఉబ్బి మూత ఎగిరిపోతుంది, దగ్గర ఉన్నవారికి గాయమవుతుంది.

నాలుగో పని: పుల్లలను డబ్బా ఎత్తుకంటే కొంచెం పొట్టిగా కోసి, నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా పేర్చండి. కదలకుండా ఉండాలి. సందులలో పొడి ఇసుక పోస్తే ఇంకా మంచిది. ఇసుక గాలికి చోటు లేకుండా చేస్తుంది, పుల్లలు వంగకుండా పట్టుకొంటుంది. ఇసుక పూర్తిగా పొడిగా ఉండాలి. సముద్రపు ఇసుక తీసుకురావద్దు. మూత గట్టిగా బిగించండి.

ఐదో పని పెద్దవాళ్ళది: ఇంటికి, ఎండుగడ్డికి దూరంగా, ఆరుబయట మూడు రాళ్ళ పొయ్యి పెట్టి మంట వేయాలి. గాలి బలంగా వీచే రోజున ఈ పని పెట్టుకోకండి. చెరకు తోట పక్కన అసలు వద్దు. ఒక బాలిచెడు నీళ్ళు, ఒక బాలిచెడు ఇసుక దగ్గర ఉంచుకోవాలి. గదిలోగాని, గరాజులోగాని ఈ పని ఎప్పుడూ చేయకూడదు. కట్టె, బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది మనిషి ప్రాణం తీస్తుంది.

పొగ చెప్పే మాటలు

డబ్బాను మంటలో పెట్టిన తరువాత మీకు ఒక పని ఉన్నది. దూరంగా నిలబడి, మూతమీది రంధ్రాన్ని చూడడం.

మొదట తెల్లని పొగ వస్తుంది. అది చాలావరకు నీటి ఆవిరి. "నాలో ఇంకా తడి ఉన్నది" అని పుల్ల చెబుతున్నదన్నమాట. కొంతసేపటికి పొగ చిక్కగా, పసుపుపచ్చగా, ఘాటుగా మారుతుంది. అప్పుడు కట్టె విడిపోతున్నది. ఆ వాయువుకు మంట అంటుకొని రంధ్రం దగ్గర చిన్న దీపంలాగా వెలుగుతుంది. దాన్ని చూసి భయపడవద్దు, దగ్గరికి పోవద్దు. గాలి లోపలికి పోవడం లేదు, వాయువు బయటికి వస్తున్నది అనడానికి అదే గుర్తు. చివరకు ఆ చిన్న దీపం ఆరిపోతుంది. పొగ సన్నబడి ఆగిపోతుంది. అప్పుడు పని అయింది.

చిన్న డబ్బాకు ఇదంతా జరగడానికి గంట పడుతుంది. డబ్బానుబట్టి, మంటనుబట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి. గడియారాన్ని కాక పొగను నమ్మండి.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. ఈ డబ్బాలో మాత్రం నిప్పు లేకుండానే పొగ వస్తుంది. లోపల ఉన్నది సెగ ఒక్కటే.

పెద్దవాళ్ళు పట్టకారుతో డబ్బాను బయటికి తీసి, వెంటనే ఆ రంధ్రాన్ని తడిమట్టితో మూయాలి. ఇప్పుడు లోపల ఉన్నది ఎర్రగా కాగిన బొగ్గు. ఆ రంధ్రంనుంచి గాలి పోతే ఇంత సేపు చేసిన పని బూడిద అవుతుంది.

ఇక అన్నిటికన్నా కష్టమైన పని మిగిలి ఉన్నది. అది మూత తీయకుండా ఉండడం. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. డబ్బా పైన చల్లబడినా లోపల వేడి ఉంటుంది. ఆత్రంగా మూత తీస్తే, చూస్తూ ఉండగానే బొగ్గు అంచులు ఎర్రబడి తెల్లని బూడిద అవుతాయి. సాయంకాలం కాల్చి తెల్లవారి మూత తీయండి. తీసిన తరువాత కూడా వెంటనే సంచిలో వేయవద్దు. ఒక రాతిమీదగాని, ఇనుప పళ్ళెంలోగాని కొంతసేపు ఆరుబయట ఉంచండి. ఎక్కడో నిప్పు దాగి ఉంటే బయట పడుతుంది.

పరీక్ష

మీకు పరీక్షలు ఉన్నట్టే బొగ్గుకూ పరీక్ష ఉన్నది. ఒక ముక్కను విరవండి. టక్కుమని విరిగి, లోపల కూడా నల్లగా ఉంటే పాసయింది. లోపల గోధుమరంగు ఉంటే సెగ చాలలేదు. అది కాగితంమీద గోధుమరంగు గీత గీస్తుంది, కొన్నిచోట్ల అసలు గీయదు, కాగితాన్ని గీరుతుంది. అలాంటివాటిని మళ్ళీ డబ్బాలో పెట్టి కాల్చవచ్చు. పైన తెల్లని బూడిద పట్టి ఉంటే గాలి దూరిందన్నమాట. మూత సరిగా బిగిసిందో లేదో చూసుకోండి. మంచి బొగ్గుముక్కలు రెండింటిని ఒకదానితో ఒకటి తట్టితే సన్నగా గాజులు తగిలినట్టు మోగుతాయి.

డబ్బా అడుగున విరిగిన ముక్కలు, పొడి మిగులుతాయి. పారవేయకండి. ఆ పొడిని ఒక సీసాలో ఉంచితే నీడలు వేయడానికి పనికివస్తుంది.

గీయడం, చెరపడం

మనం పెన్సిలులో సీసం ఉన్నదని అనుకొంటాం. అది సీసం కాదు. గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చినది. బంకమన్ను ఉన్నందువల్ల గట్టిగా ఉంటుంది. మనం చేసిన బొగ్గులో ఏ మన్నూ లేదు, ఏ జిగురూ లేదు. అందుకే అది కాగితానికి అంటుకోదు, కాగితంలోని చిన్న చిన్న గుంటలలో కూర్చొంటుంది. కాబట్టి నున్నని కాగితం పనికిరాదు. కొంచెం గరుకుగా ఉన్న కాగితం కావాలి.

పెన్సిలులాగా మొన దగ్గర బిగించి పట్టుకోవద్దు. వెనుకగా, వదులుగా పట్టుకోండి. మణికట్టుతో కాక భుజంతో గీయండి. మొనతో గీస్తే సన్నగీత. పక్కకు పడుకోబెట్టి గీస్తే వెడల్పు నీడ. వేలితో రుద్దితే పొగమంచులాంటి బూడిదరంగు.

చెన్నీని తన పుస్తకంలో తప్పు గీతలను దులపడానికి కోడి ఈకనో, బాతు ఈకనో వాడమన్నాడు. మెత్తని రొట్టె ముద్దతో కూడా బొగ్గును ఎత్తివేయవచ్చు. రబ్బరు రాకముందు చిత్రకారులు అదే వాడేవారు. మన ఇళ్ళలో రొట్టెకు కొరత లేదు గదా.

మొదటి బొమ్మగా ఒక మామిడాకు గీయండి. ఉగాదికి గుమ్మానికి కట్టే తోరణంలోని ఆకు. నడిమి ఈనె ఒక్క గీత. అంచులు రెండు గీతలు. ఒకవైపు పక్కబొగ్గుతో నీడ. ఆకు మెరుస్తుంది.

రెండో బొమ్మ దీపం. దీనికి ఒక చిత్రమైన పద్ధతి చెబుతాను. కాగితమంతా బొగ్గుతో నల్లగా రుద్దండి. అది అమావాస్య రాత్రి. ఇప్పుడు రొట్టె ముద్దను మొనతేలేటట్టు చేసి, మధ్యలో దీపజ్వాల ఆకారంలో బొగ్గును ఎత్తివేయండి. దాని చుట్టూ మెల్లగా, తేలికగా అద్దండి. చీకటిలోనుంచి దీపావళి దీపం బయటికి వస్తుంది. ఇక్కడ మీరు వెలుగును గీయలేదు. చీకటిని తీసివేశారు.

బొమ్మ అయిన తరువాత దానిమీద ఊదితే రేగిపోతుంది. నిలవాలంటే వెన్న తీసిన పాలలో కొంచెం నీరు కలిపి, తుంపరలు కొట్టే సీసాతో దూరంనుంచి పలుచగా చల్లి ఆరనివ్వండి. పాలలోని ఒక పదార్థం జిగురులా పని చేసి పొడిని పట్టుకొంటుంది. కలంకారీలో పాలు సిరాను చెదరకుండా ఆపుతాయి. ఇక్కడ పాలు బొగ్గును రేగకుండా ఆపుతాయి.

చివరి మాట

విద్యార్థులారా, తెలుగు తరగతిలో నేను తరచుగా చూసే సంగతి ఒకటి ఉన్నది. బల్లమీద తెల్లకాగితం ఉంటుంది. చేతిలో కలం ఉంటుంది. కాని చేయి కదలదు. "వత్తు తప్పు పడుతుందేమో, దీర్ఘం మరిచిపోతానేమో, పక్కవాళ్ళు నవ్వుతారేమో" అని భయం. మాట్లాడమంటే కూడా అదే భయం. తప్పు వస్తుందని తెలుగు మాట గొంతులోనే ఆగిపోతుంది. ఇంట్లో అవ్వ తెలుగులో పిలిస్తే క్రియోల్‌లో జవాబు చెప్పి ఊరుకొంటాం. ఆ విధంగా ఒక్కొక్క మాటే మన ఇంట్లోనుంచి వెళ్ళిపోతున్నది.

శ్రీకాళహస్తి కళాకారులు ఏళ్ళ తరబడి అదే పని చేసినవారు. రాముడి ముఖం వారి చేతికి కంఠస్థం. అయినా వారు కసిమి కలంతో మొదలు పెట్టరు. ముందు చింతపుల్ల బొగ్గుతో గీస్తారు, దులుపుతారు, మళ్ళీ గీస్తారు. అంతటివారికే చెరిగిపోయే మొదటి గీత అవసరమైతే, నేర్చుకొంటున్న మనకు ఎందుకు సిగ్గు?

మీ మొదటి మాట, మీ మొదటి వాక్యం బొగ్గుగీత వంటిదే. తప్పు పడితే దులిపి మళ్ళీ గీయండి. గీస్తూ ఉంటే ఒకనాటికి చెరగని గీత పడుతుంది. అసలు గీయకపోతే ఆ కాగితం తెల్లగానే ఉంటుంది. తెల్లకాగితాన్ని మంచి బొమ్మ అని ఎవరూ అనరు.

వచ్చే నెల తరగతికి ప్రతి ఒక్కరూ ఒక బొగ్గు బొమ్మ తీసుకురండి. బొమ్మ కింద రెండు తెలుగు వాక్యాలు ఆ బొగ్గుతోనే రాయండి. ఏ చెట్టు పుల్లతో చేశారు, మీకు తోడుగా ఎవరు ఉన్నారు అన్నవి చెప్పండి. తప్పులు ఉన్నా ఫరవాలేదు. దిద్దడానికి నా దగ్గర ఒక కోడి ఈక ఉన్నది.

నమస్కారం.

అభ్యాసం

1. మంట, నిప్పు, సెగ: ఈ మూడింటికీ తేడా ఏమిటి? ఒక్కొక్క మాటతో ఒక సొంత వాక్యం రాయండి.

2. డబ్బా మూతకు రంధ్రం ఎందుకు పెట్టాలి? మంటలోనుంచి తీయగానే ఆ రంధ్రాన్ని ఎందుకు మూయాలి?

3. గన్నేరు పుల్లలను ఎందుకు కాల్చకూడదు?

4. కలంకారీలో బొగ్గుగీత చివరకు ఏమవుతుంది? అయినా దాన్ని ఎందుకు గీస్తారు?

5. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, పొయ్యికి, వంటకు సంబంధించిన ఐదు తెలుగు మాటలు రాసుకొని తరగతిలో చెప్పండి.